డ్రిల్లు మాస్టారి అల్లుడు పడుకుని తొక్కిన సైకిలు

మనిషికి నడుమనేది ఒకటుందన్న సంగతే గుర్తు రాకుండా గడిచిపోయే రోజులు కొన్నుంటాయి. ఆ రోజుల్లో బియ్యం బస్తా ఎత్తమంటే ఎత్తేస్తాం, కదులుతున్న బస్సెక్కుతాం, నేల మీద చాప కూడా లేకుండా పడుకుని పొద్దున్నే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటాం. నా మట్టుకు ఆ రోజులు కాస్త తొందరగానే అయిపోయాయి. రెండువేల పదుల మొదట్లో, నాకింకా ముప్పై నిండకముందే, గరివిడిలో నేను పనిచేసే ఫ్యాక్టరీ ల్యాబులో ముడిఖనిజం శాంపిలు బస్తా ఒకటి ఒంటి చేత్తో ఎత్తబోయాను. (సాయం పడతామని ఇద్దరు ముందుకొచ్చారు. అక్కర్లేదని వాళ్ళని ఆపింది నేనే.) బస్తా లేవలేదు. ఆ తరువాత నేనూ లేవలేదు. విజయనగరంలో ఎముకల డాక్టరు ఫిల్మును లైటుకి పెట్టి చూసి, డిస్కు కొంచెం పక్కకి జరిగిందనీ, ఆపరేషను అక్కర్లేదు గానీ కొన్ని నెలలపాటు ముందుకు వంగే పనులూ కుదుపుల ప్రయాణాలూ పెట్టుకోవద్దనీ చెప్పాడు. నేను బుద్ధిగా తలాడించి ఇంటికొచ్చాను. ఆ వారంలోనే అరసవల్లి నుంచి మా అత్తయ్య, అంటే మా ఆవిడ వాళ్ళమ్మ, ఫోన్ చేసి, క్రిస్మస్ సెలవుల్లో కళింగపట్నం సైకిలు యాత్ర ఉందనీ, ఈసారి మమ్మల్ని కూడా తప్పకుండా రమ్మని మావయ్య చెప్పమన్నాడనీ కబురు చెప్పింది.

ఆ కబురు మాకెంత పెద్ద సంగతో తెలియాలంటే మా పెళ్ళి గురించి చెప్పాలి. మాది ప్రేమ పెళ్ళి. మా ఆవిడ వాళ్ళు బాప్టిస్టు చర్చికి వెళ్ళే కుటుంబం. మా అమ్మ ఏటా రథసప్తమికి అరసవల్లి వచ్చి, సూర్యనారాయణ స్వామి దర్శనానికి తెల్లారుజాము నుంచీ లైనులో నిలబడే మనిషి. మా మావయ్య ఇల్లు ఆ గుడికి నాలుగు వీధుల అవతల. బహుశా ఎన్నో ఏళ్ళ పాటు మా అమ్మ ఆయన వీధిలోంచే నడిచి వెళ్ళి ఉంటుంది. అయినా మా పెళ్ళి మాటెత్తేసరికి ఇరువైపులా మొహాలు మాడిపోయాయి, మేము రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకున్నాం. మా అమ్మ కొన్నాళ్ళకి మెత్తబడింది. మావయ్య మెత్తబడలేదు, అలాగని తలుపూ వేసుకోలేదు. వెళితే కూర్చోమని కుర్చీ చూపించేవాడు, దగ్గరుండి భోజనం పెట్టించేవాడు, నాతో మాత్రం మాట్లాడేవాడు కాదు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే కూతురి వైపు తిరిగి, "ఆయన టీ తాగుతాడేటో అడుగు" అనేవాడు. మా ఆవిడ నా వైపు తిరిగి తాగుతావా అని అడిగేది. నేను ఆవిడతో తాగుతాననేవాణ్ణి. ఆవిడ ఆయన వైపు తిరిగి తాగుతాడంట అని చెప్పేది. ఇలా ఒక్క కప్పు టీ మా ఆవిడ మీదుగా అటూ ఇటూ తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి చల్లారిపోయేది.

మావయ్య హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మనుషులు ఆయన దృష్టిలో రెండే రకాలు, నిటారుగా నిలబడేవాళ్ళూ, నిలబడనివాళ్ళూ. సైకిలు మీద కూడా కొలబద్ద మింగినట్టు కూర్చుని తొక్కేవాడు. మా పెళ్ళికి ముందు ఏటా క్రిస్మస్ అయ్యాక ఆయన, మా ఆవిడ గార మీదుగా కళింగపట్నం దాకా సైకిళ్ళ మీద వెళ్ళి, సముద్రం ఒడ్డున చేపల వ్యాపారం చేసుకునే అత్తయ్య వాళ్ళ అక్కగారింట్లో రెండు మూడు రోజులుండి రావడం ఆ ఇంటి అలవాటు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి సామానుతో పాటు ఆటోలో వెళ్ళేది. పెళ్ళయ్యాక ఆ యాత్రకి మమ్మల్ని పిలవడం అదే మొదలు. నిజం చెప్పేసి ఆటోలో రమ్మని మా ఆవిడ సలహా. "నడుం బాగోలేదని సెప్పీసి అమ్మతో పాటు వచ్చీ. దానికేటి?" అంది. దానికేమిటో ఆవిడకి నేను చెప్పలేకపోయాను. డ్రిల్లు మాస్టారు మొదటిసారి పిలిచిన అల్లుడు, తలగడలకీ కోడిమాంసం పచ్చడి జాడీకీ మధ్యన, అత్తగారి పక్కన ఒదిగి కూర్చుని ఆటో దిగడమంటే, నా దృష్టిలో అది పెళ్ళి రద్దయిపోవడంతో సమానం.

ఇలాంటప్పుడు నన్ను ఆదుకోవడానికి బేరింగు ఉన్నాడు. బేరింగు అంటే నా చిన్ననాటి స్నేహితుడు, విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేవాడు. (ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారి ఫ్యాను విప్పి బేరింగు జేబులో వేసుకున్న నాటి నుంచీ వాడి పేరు అదే.) వాడి దగ్గర చదువుకునే పిల్లలు ఏదో పోటీ కోసం రికంబెంట్ సైకిలని ఒకటి తయారు చేశారు. మామూలు సైకిలు మీద కూర్చుంటాం కదా, దీని మీద పడుకోవాలి. వెనక్కి వాలిన సీటు ఒకటి, పడక్కుర్చీ లాంటిది, నేలకి జానెడు ఎత్తున ఉంటుంది. అందులో వాలి, కాళ్ళు ముందుకి చాపి, ముక్కుకి ఎదురుగా ఉన్న పెడళ్ళు తొక్కుకుంటూ పోవాలి. నడుము మీద బరువే పడదన్నాడు బేరింగు. యూరప్‌లో కుటుంబాలకి కుటుంబాలు సెలవులకి ఇవే వేసుకుని తిరుగుతాయన్నాడు. అయితే ఒకటి రెండు ఇక్కడా కనబడాలి కదరా అంటే, మొదలుపెట్టేవాడు ఎవడో ఒకడుండాలి కదా అని నా భుజం తట్టాడు.

గరివిడిలో మా క్వార్టర్సు రోడ్డు మీద పరీక్ష పెట్టుకున్నాం. మా ఆవిడ అరుగు మీద కూర్చుని న్యాయనిర్ణేత. మొదట పక్కింటాయన మామూలు సైకిలు అడిగి తీసుకుని ఎక్కాను. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే నడుములో కరెంటు తీగ తగిలినట్టయి, దిగిపోయి నడిపించుకుంటూ వచ్చాను. తరువాత రికంబెంటు. ఎక్కడమే ఒక విద్య, ముందు కూర్చుని, తరువాత వాలి, తరువాత ధైర్యం చేసి రెండో కాలు కూడా నేల మీంచి తీసెయ్యాలి. ఆ మూడోది కుదిరేసరికి సాయంత్రమైంది. ఒకసారి కుదిరాక మాత్రం హాయి ఇంతా అంతా కాదు. నడుము ఉందో లేదో తెలియలేదు, ఆకాశం కనబడుతోంది, కొబ్బరి మట్టలు కనబడుతున్నాయి, కనబడనిదల్లా రోడ్డు. ఆవిడ దగ్గర ఆగి ఎలా ఉందని అడిగాను. "బాగానే ఉన్నాది గాని, నాన్నకి ఏటని సెప్తావు?" అంది. ప్రపంచమంతా దీని మీదే తిరుగుతోందని చెబుతానన్నాను.

బేరింగే ఒక లగేజీ ఆటో మాట్లాడి, ఆ సైకిలుని దుప్పటి కప్పి అరసవల్లి పంపించాడు. (దారి పొడుగునా ఎవరికో బాగోలేదనుకున్నారట.) మేము బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి మావయ్య వాకిట్లో చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. ఒక ప్రదక్షిణం అయ్యాక కూతురి వైపు తిరిగి, "ఇదేటమ్మా? కూకొని తొక్కుతాడా, తొంగొని తొక్కుతాడా?" అని అడిగాడు. మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను ఆవిడతో, వాలి తొక్కుతానని చెప్పాను. "వాలి తొక్కుతాడంట నాన్నా" అంది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు చూశాను, వరండా గోడకి ఆనించి ఉన్న ఇంకో సైకిలుని. పాతదే గానీ చువ్వలన్నీ తళతళలాడుతున్నాయి, గొలుసుకి కొత్త నూనె, హ్యాండిలుకి కొత్త గంట. సీటు కూడా మావయ్య ఎత్తుకి కాదు, నా ఎత్తుకి ఉంది. అత్తయ్య మంచినీళ్ళిస్తూ మెల్లిగా చెప్పింది. "మీ కోసమే బాబూ. నాలుగు రోజుల్నించి దాంతోటే ఉన్నాడు. మీ ఎత్తెంతో అమ్మాయినడిగి సీటు లేపినాడు." గ్లాసు చేతిలో పట్టుకునే ఆ సీటు వైపు చూశాను. నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి, నా కాళ్ళ పొడవు కనుక్కుని మరీ సైకిలు సిద్ధం చేసిపెట్టాడు. నేనేమో పడక్కుర్చీ ఒకటి వెంటేసుకుని వచ్చాను.

ఆ రాత్రి మా ఆవిడతో చాలాసేపు తర్కించుకున్నాను. నిటారు సైకిలు ఎక్కితే నడుము పోతుంది, ఎక్కకపోతే మావయ్య పోతాడు. నడుముకి డాక్టరున్నాడు, మావయ్యకి ఎవరున్నారు? ఆవిడ అంతా విని, పొద్దున్నే నాన్నతో అసలు సంగతి చెప్పెయ్యమంది. ఎలా చెప్పను, ఆయన నాతో మాట్లాడడు కదా అన్నాను. నువ్వు మాట్లాడొచ్చు కదా అంది. ఆ ఉపాయం ఎందుచేతో అప్పటిదాకా నాకు తట్టలేదు. తట్టాక కూడా నచ్చలేదు. తెల్లవారింది. మావయ్య ముందు, మా ఆవిడ మధ్య, వెనకాల నేను, తళతళలాడే నిటారు సైకిలు మీద. మావయ్య ఒకసారి వెనక్కి తిరిగి నా వీపు చూశాడు. ఆ చూపులో మెప్పు లాంటిది ఏదో కనబడి నాకు ప్రాణం లేచొచ్చింది. అరసవల్లి జంక్షన్ దాటగానే గొయ్యి ఒకటి వచ్చింది. గొయ్యిలోంచి సైకిలు బయటికొచ్చింది గానీ నా నడుము అక్కడే ఉండిపోయింది. ఏదో మరచిపోయానని మా ఆవిడతో చెప్పి, మీరు పదండి, గారలో కలుస్తానని వెనక్కి వెళ్ళి, వాకిట్లో సైకిలు మార్చి, రికంబెంటు మీద వాలిపోయి బయల్దేరాను. నా ఫోన్ మా ఆవిడ సంచిలో ఉందన్న సంగతి అప్పుడు గుర్తు లేదు.

ఆ రోడ్డు మీద రికంబెంటు మీద వెళ్ళడం గురించి ఒక మాట చెప్పాలి. మామూలు సైకిలు మీద వెళ్ళేవాడికి కుక్కలు కాళ్ళ దగ్గర కనబడతాయి. నాకు మొహానికెదురుగా కనబడ్డాయి. కోతలైన రోజులు, రోడ్డంచునంతా ధాన్యం ఆరబోశారు. ధాన్యం కాపలా కాస్తున్న ముసలాయన ఒకడు, నేను దగ్గరికి వచ్చేదాకా కర్ర పట్టుకుని జాగ్రత్తగా చూసి, నేను దాటాక ఆ కర్ర పక్కన పెట్టి కూర్చుండిపోయాడు. ఒక బస్సు డ్రైవరు పక్కన నెమ్మదిగా నడుపుతూ, ఎవరికో ఒంట్లో బాగోక ఇలా పడుకోబెట్టి తోస్తున్నారనుకున్నాడేమో, తోసేవాళ్ళ కోసం నా వెనకాల వెతికాడు. అయినా నాకు బాగుంది. నొప్పి లేదు, చల్లటి గాలి, ఎండ ఇంకా ముదరలేదు. మావయ్యని గార దగ్గర కలిసేసరికి ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటూ తొక్కుతున్నాను. అప్పుడు ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది.

గడ్డి ట్రాక్టరంటే తెలిసినవాళ్ళకి తెలుసు, ట్రాక్టరు కనబడదు, గడ్డి వామే రోడ్డు మీద నడిచొస్తున్నట్టుంటుంది. రోడ్డంతా అదే. డ్రైవరుకి నేను కనబడే అవకాశమే లేదు. నేను ఎడం పక్కకి తిప్పాను, రోడ్డంచు దిగాను, పల్లంలో జారి, కోసేసిన మడిలో ఎవరో కట్టి పెట్టుకున్న గడ్డి మోపుల్లోకి సైకిలుతో సహా దూసుకుపోయి మెత్తగా ఆగాను. పైనుంచి ట్రాక్టరు గడ్డి ఇంకొంత రాలి నా మీద పడింది. ట్రాక్టరు వెళ్ళిపోయింది. చేతులు చూసుకున్నాను, కాళ్ళు చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి. లేవబోయాను. నడుము రాలేదు. శాంపిలు బస్తా నాటి పట్టే మళ్ళీ పట్టేసింది. ఇలాంటప్పుడు కదలకుండా కాసేపు పడుకుంటే సడలుతుందని డాక్టరు చెప్పాడు. పడుకోవడానికి నాకున్నంత వసతి ఆ రోడ్డు మీద ఇంకెవరికీ లేదు. సీట్లో వెనక్కి వాలి, చేతులు రొమ్ము మీద పెట్టుకుని, ఎండకి కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి చుట్టూ పనికి వెళ్తున్న ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందులో ఒక పెద్దామె అప్పటికే నా మొహం మీద నీళ్ళు చిలకరిస్తోంది. "పేనముందే" అని పక్కామెతో చెప్పింది. నాకేమీ కాలేదమ్మా అన్నాను. ఏమీ కాకపోతే లేవమన్నారు. అదొక్కటీ తప్ప ఏదైనా చేస్తానన్నాను. ఆ మాటతో వాళ్ళ అనుమానం తీరిపోయింది. పైగా నా సైకిలు చూసి, అది నడవలేనివాళ్ళని తీసుకెళ్ళే బండి అని ఏకగ్రీవంగా తేల్చేశారు. "మనిసినిలాగ తొంగోబెట్టి వొగ్గీసి ఎటెళ్ళిపోనారు నీ వోళ్ళు?" అని పెద్దామె, కనబడని నా వాళ్ళ మీద కోపం తెచ్చుకుంది. నేను సైకిలు గురించి చెప్పాను, బేరింగు గురించి చెప్పాను, యూరప్ గురించి కూడా చెప్పాను. ఆమె జాలిగా నా నుదురు నిమిరి, దెబ్బ తలకి కూడా తగిలినట్టుందని చెప్పింది. ఈలోగా ఎవరో ఫోన్ చేశారు, అంబులెన్సు వచ్చేసింది. (ఇంత తొందరగా వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.) అందులోంచి దిగిన కుర్రాడు నన్నొకసారీ సైకిల్నొకసారీ చూసి, "ఇందులోంచి దింపాలా, దీంతోటే ఎక్కించాలా?" అని అడిగాడు.

అక్కడ గారలో, మా వాళ్ళు టీ కొట్టు దగ్గర నా కోసం ఎదురుచూస్తున్నారు. మా ఆవిడ ఫోన్ చేస్తే నా ఫోన్ తన సంచిలోనే మోగింది. మావయ్య సగం టీ వదిలేసి సైకిలెక్కాడట, కూతురితో ఏమీ చెప్పకుండా. ఆయన వచ్చేసరికి కనబడిందేమిటో ఊహించుకోండి. రోడ్డు పక్కన అంబులెన్సు, దాని వెనక తలుపులు తెరిచి ఉన్నాయి, కింద మడిలో జనం, గడ్డిలోంచి ఒక చక్రం పైకి లేచి ఉంది, స్ట్రెచరు మీద గడ్డి కప్పుకుని నేను. ఆయన సైకిలు రోడ్డు మీద పడిన చప్పుడు నాకు వినబడింది. సైకిలుకి స్టాండు వెయ్యకుండా వదలడం మావయ్య జన్మలో చేసి ఉండడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి నా మీదకి వంగాడు. ఆయన మొహం అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. పెదాలు తెల్లబడిపోయాయి. "ఒరే" అన్నాడు. నా భుజం పట్టుకున్నాడు. "ఒరే, కాళ్ళు కదుపు. కదుపు సూద్దాం. ఎడంకాలు" అన్నాడు. ఎడంకాలు కదిపాను. "కుడికాలు." కుడికాలు కదిపాను. "ఏళ్ళు." వేళ్ళు కదిపాను. డ్రిల్లు మాస్టారు చెప్పినట్టు కాళ్ళూ చేతులూ ఆడిస్తుంటే, మడిలో ఉన్న ఆడవాళ్ళందరూ నా పాదాలు కదిలినప్పుడల్లా దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. అంబులెన్సు కుర్రాడు కూడా అన్నీ పరీక్ష చేసి, ఎక్కడా దెబ్బ లేదనీ, కండరం పట్టేసిందంతేననీ, నొప్పి తగ్గడానికి సూది వేస్తే కాసేపట్లో లేచి కూర్చుంటాననీ చెప్పాడు.

మావయ్య స్ట్రెచరు పక్కన గడ్డి మోపు మీద కూలబడ్డాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. మా ఆవిడ అప్పుడే వచ్చి, నన్ను చూసి, ఏడుస్తూ నవ్వుతూ, నడుం సంగతి మొత్తం తండ్రికి చెప్పేసింది. బస్తా, డాక్టరు, గొయ్యి, అన్నీ. ఆయన విన్నాడు. విని ఈసారి కూతురి వైపు తిరగలేదు.

"నడుం బాగోదని నాతోటి సెప్పాలా అక్కర్లేదా?" అని అడిగాడు, నన్నే.

"మీరు అడగలేదు కద మావయ్యా" అన్నాను.

"ఇప్పుడడుగుతన్నాను. ఎక్కడ నొప్పి, సెప్పు."

చెప్పాను. నొప్పి ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతుందో, ఏ వైపు తిరిగితే సుఖమో, రాత్రిళ్ళు ఎలా ఉంటుందో, మా ఆవిడకి కూడా చెప్పనివన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి, కూతుర్ని నా పక్కన చూసుకుని ఇంకో వైపు తిరిగి, అంబులెన్సు చూడగానే దీనికేమని చెప్పాలా అనుకున్నానని గొణిగాడు. వెంటనే వంగి నా పాదాల మీది గడ్డి దులిపాడు. నా గుండెల మీంచి మాత్రం ఏదో బరువు దిగిపోయింది. పట్టేసిన నడుముతో, గడ్డిలో, పదిమంది చూస్తుండగా, పెళ్ళయ్యాక అంత తేలిగ్గా నేను ఊపిరి పీల్చుకున్న రోజు ఇంకోటి లేదు.

మిగిలిన దారి ఇలా జరిగింది. మా ఆవిడ ఫోన్ చేస్తే, సామాను దింపేసి కంగారుగా వెనక్కి వచ్చిన అత్తయ్య ఆటోలో నన్ను పడుకోబెట్టారు. మావయ్య సైకిలుని ఆటో మీదకెక్కించి తాడుతో కట్టారు. రికంబెంటుని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. మావయ్య దాని చుట్టూ మళ్ళీ ఒక ప్రదక్షిణం చేసి, ఎవరి వైపూ చూడకుండా, నెమ్మదిగా అందులో కూర్చున్నాడు, తరువాత వాలాడు. రెండో కాలు నేల మీంచి తియ్యడానికి నాకు పట్టినంతసేపు ఆయనకి పట్టలేదు. ఆటో వెనక నుంచి చూస్తూ వెళ్ళాను. తువ్వాలు మెడకి చుట్టుకుని, కాళ్ళు చాపి, ఆకాశం చూస్తూ, నిటారుతనం మీద ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి పడుకుని తొక్కుతున్నాడు. ఒకచోట ఆటో పక్కకి వచ్చి, "గాలి బాగా తగుల్తన్నాదిరా" అని నాతో చెప్పి ముందుకి పోయాడు. కళింగపట్నంలో ఉన్నన్ని రోజులూ నేను అక్కగారి వరండాలో చాప మీద ఉంటే, ఆయన లైట్‌హౌస్ దాకా దాని మీదే వెళ్ళి వచ్చేవాడు. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు పిలిచి అడిగితే ఆగి, ఇది ఎందుకు మంచిదో, నడుముకి ఎలా విశ్రాంతో, మా అల్లుడు తెచ్చాడని వివరంగా చెప్పేవాడట.

సెలవులయ్యాక సైకిలు బేరింగుకి తిరిగి అప్పజెప్పేశాను. వాడి కాలేజీ పిల్లలు దాన్ని విప్పేసి ఇంకేదో చేసుకున్నారు. నా నడుము కొన్నాళ్ళకి సర్దుకుంది. ఈ మధ్య మళ్ళీ అప్పుడప్పుడు పలకరిస్తోంది, అది వయసు. ఇప్పుడు వెనక్కి చూస్తే అప్పటి నా మీద, ఆ కుర్రాడి మీద, నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఏ సైకిలెక్కితే మావగారికి అల్లుణ్ణవుతానా అని రాత్రంతా నిద్రపోకుండా మల్లగుల్లాలు పడ్డాడు పాపం. అక్కడ గారలో ఒక మనిషి, సగం టీ వదిలేసి, వాడింకా ఎందుకు రాలేదా అని సైకిలు వెనక్కి తిప్పుతాడని వాడికేం తెలుసు. తెలిసి ఉంటే హాయిగా అత్తయ్య పక్కన ఆటోలోనే కూర్చుని, దారి పొడుగునా ఆవిడ చెప్పే కబుర్లు వింటూ, సముద్రం దాకా వెళ్ళి ఉండేవాడు.